మనుషుల్ని దించి తూచిన బరువు

మా వైపు బండి ఎంత బరువు మోస్తుందని ఎవరినైనా అడగండి, కిలోల్లో చెప్పరు. "లాగుద్దండి" అంటారు. అంతే. ముప్ఫై బస్తాలు? లాగుద్దండి. వాటి మీద పది మంది కూచుంటే? లాగుద్దండి. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. లాగడం సంగతి నిన్నెవరు అడిగారయ్యా! ఆగడం సంగతేంటి?

పదకొండేళ్ళుగా నేను వేమూరు నుంచి తెనాలి వెళ్ళే రోడ్డు పక్కన ఒక కాటా దగ్గర పనిచేస్తున్నాను. నేలకు సమానంగా పరిచిన పెద్ద ఇనప పలక, దాని పక్కన ఒక గది, గదిలో నేను. ధాన్యం బండో మొక్కజొన్న బండో పలక మీదికి ఎక్కుతుంది. నా ముందున్న పెట్టె మీద ఎర్ర అంకెలు గబగబా తిరిగి ఒకచోట ఆగుతాయి. మీట నొక్కి, స్లిప్పు చింపి ఇస్తాను. ఆ స్లిప్పు చూపిస్తేగాని మిల్లులో సరుకు దించుకోరు.

మీట నొక్కే ముందు నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. బస్తాల మీద కూలి మనుషులు కూచుని వస్తారు కదా, వాళ్ళ బరువు ధాన్యం బరువులో కలవకూడదు. అందుకని కిటికీలోంచి అరుస్తాను, "దిగండమ్మా, దిగండి, కాటా తప్పుద్ది!" అని. వాళ్ళు దిగుతారు. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, టైరు మీద కాలు పెట్టి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగి, పలక అవతల వరసగా నిలబడతారు. నేను స్లిప్పు కొడతాను. వాళ్ళు మళ్ళీ ఎక్కుతారు. బండి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. కాబట్టి ముందు నన్ను నేను తిట్టుకుంటున్నాను. మిగతావాళ్ళ వంతు తర్వాత వస్తుంది.

మా ఆయన మొదట్లో ఇంకొకరి బండి తోలేవాడు. నాలుగేళ్ళ కిందట బాపట్లలో ఒకాయన దగ్గర పాత పికప్ బండి కొన్నాడు. ముందు డ్రైవరూ పక్కన ఒక మనిషీ కూచునే క్యాబిన్, వెనక సరుకు వేసే తొట్టి. ఇంటికి తెచ్చిన రోజు పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. ఈ వాహనాన్ని, ఇందులో ప్రయాణించే ప్రతి ఒక్కరినీ కాపాడు తండ్రీ అన్నారు. అందరం ఆమెన్ అన్నాం. కాపాడే పనంతా దేవుడికి అప్పజెప్పేసి, మర్నాడే మా ఆయన బండిని తెనాలి తీసుకెళ్ళి కమాన్లు ఎక్కించాడు.

కమాను అంటే వెనక చక్రాల మీద తొట్టిని మోసే ఇనప పట్టీల కట్ట. కంపెనీ వాడు ఎన్ని పట్టీలు వేయాలో అన్నే వేసి పంపిస్తాడు. మా వాళ్ళకు అవి చాలవు. షెడ్డుకు వెళ్ళి ఇంకో రెండు వేయిస్తారు. తొట్టి గోడలు పొట్టిగా ఉన్నాయని చుట్టూ మనిషెత్తు ఇనప కమ్మీలు కట్టిస్తారు. తిరిగొచ్చాక బండి తోక పైకెత్తుకుని ఉంది. మా ఆయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇప్పుడు చూడు, రెండున్నర టన్నులైనా కిక్కురుమనదు" అన్నాడు.

నాకు చేతిలో కాటా ఉంది, ఊరుకోబుద్ధి కాలేదు. మర్నాడు కాటా దగ్గరికి వచ్చినప్పుడు ఖాళీ బండిని తూచాను. ఆర్.సి. బుక్కు తెప్పించి పక్కన పెట్టుకున్నాను. బుక్కులో ఖాళీ బరువు పదహారు వందల యాభై కిలోలు. సరుకు, మనుషులు, సమస్తం కలిపి ఉండాల్సింది రెండు వేల తొమ్మిది వందల యాభై. మధ్యలో పదమూడు వందలు మిగులుతుంది కదా, అది చూసి అందరూ టన్నుపైన మోసే బండి అనుకుంటారు. కానీ నా కాటా మీద ఖాళీ బండే పందొమ్మిది వందల ఇరవై తూగింది. కొత్తగా వేసిన పట్టీలు, చుట్టూ కట్టిన కమ్మీలు, స్టెప్నీ టైరు, జాకీ, మోకులు, ధాన్యం మీద కప్పే పట్టాలు, స్టీరింగు ముందు కూచున్న మా ఆయన. అవన్నీ బరువు కాదా? ఎక్కువ మోయాలని చేయించిన పనే, మోయాల్సిన దాంట్లోంచి కోసుకు తినేసింది. ఇక మిగిలింది వెయ్యీ ముప్ఫై కిలోలు. డెబ్బై ఐదు కిలోల ధాన్యం బస్తాలు పదమూడు వేస్తే బండి నిండినట్టు.

"పదమూడే," అన్నాను.

"పదమూడు బస్తాలకు పికప్ ఎందుకే, సైకిల్ చాలు," అని నవ్వాడు.

"ఇనప పట్టీలు వేస్తే కమాను గట్టిపడుద్దేమో గానీ, బ్రేకు పెద్దదవుద్దా? టైరు గట్టిపడుద్దా? ఇరుసు లావవుద్దా?"

"కాటా కాడ కూచుని కూచుని పెద్ద ఇంజనీరమ్మవైపోయావు. ఇంజన్ లాగుద్దా లేదా, అది చెప్పు."

చెప్పాను కదా, ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుందని. ఆ రోజు స్లిప్పు నలిపి ఆయన మీదికి విసిరాను. ఆయన దాన్ని తీసి చెవిలో తిప్పుకున్నాడు.

మా నేల తప్పు కూడా ఉంది ఇందులో. తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు బాపట్ల దాకా, గోళీ పెడితే కదలని చదును. కొండ లేదు, ఘాటు రోడ్డు లేదు. బరువుతో ఎక్కడం, బరువుతో దిగడం ఏంటో మా డ్రైవర్లకు రోజువారీగా తెలియదు. తెలిసేది ఒక్కచోటే, కాలవ మీద వంతెన దగ్గర. ఎత్తు కట్టిన వంతెనకు అటూ ఇటూ ఉండే ఆ నూరు గజాల వాలే మాకున్న కొండ. చదునులో ముప్ఫై బస్తాలు లాగినవాడు ఆ నూరు గజాలకు వేరే లెక్క ఉంటుందంటే నమ్మడు.

నేను ఒకసారి కళ్ళారా చూశాను. అప్పటికి బండి కొని ఏడాది అయింది. అడవులదీవిలో మా చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళాలి. మా ఆయన రేపల్లెలో రొయ్యల మేత బస్తాలు వేసుకున్నాడు. అది చాలదన్నట్టు, అదే దారిలో చెరువు దగ్గరికి చేర్చమని ఒకాయన రెండు చక్రాల మీద ఉన్న జనరేటర్‌ను అప్పజెప్పాడు. దాన్ని బండి వెనక కొక్కేనికి తగిలించాడు. ఆ జనరేటర్ ముందున్న కమ్మీ మీది బరువంతా మా బండి తోక మీద పడింది. తోక దిగితే ముందు చక్రాలు తేలికైపోవా? ముందు సీట్లో నాకే తెలుస్తోంది, స్టీరింగు నీళ్ళలో తిప్పినట్టు తిరుగుతోంది. అయినా చదునులో బాగానే వెళ్ళాం. కాలవ వంతెన ఎక్కాం. దిగేటప్పుడు వెనక నుంచి ఎవరో వీపు మీద చెయ్యి పెట్టి తోసినట్టయింది. ఆ జనరేటర్‌కు బ్రేకు లేదు. దాని బరువంతా మా బండి బ్రేకు మీదే ఆగాలి. మా బ్రేకు అప్పటికే మేత బస్తాలతో అల్లాడుతోంది. మా ఆయన బ్రేకు తొక్కితే వెనకది పక్కకు ఊగింది, వదిలితే ముందుకు తోసింది. కింద మలుపులో గేదెల మంద. నేను యేసయ్యా అని ఒకటే కేక. మంద దాటింది కాబట్టి బతికాం.

కిందికి వచ్చి ఆగాక మా ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అయినా ఏమన్నాడు? "చూశావా, లాగింది."

నిజంగా చెంప పగలగొడదామనుకున్నాను.

మా అక్క సంగతి చెప్పాలి. నాకంటే ఆరేళ్ళు పెద్ద. తెనాలి శివార్లో మా వీధిలోనే ఉంటుంది. ఎనిమిది మంది ఆడవాళ్ళ ముఠాకు తనే మేస్త్రీ. మిషను కోసిన ధాన్యాన్ని రోడ్డు మీద ఆరబోసి, తిరగేసి, గోతాల్లో నింపి, మూతులు కుట్టి బండికి అందించడం వాళ్ళ పని. మా అక్క చేతిలో దబ్బనం ఉంటే చూడాలి, నేను స్లిప్పు చింపేలోపు బస్తా మూతి కుట్టేస్తుంది. పొద్దున్నే బస్సు దొరుకుతుంది కాబట్టి బస్సులో వెళ్తారు. సాయంత్రం పొలాల మధ్య నుంచి మెయిన్ రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు నడవాలి. నడిచే ఓపిక ఎవరికుంటుంది? బస్తాలు తెచ్చే బండి ఎటూ తెనాలే పోతుంది కదా, బస్తాల మీదే ఎక్కి వస్తారు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, అందరూ ఒప్పుకున్న అలవాటు. ధాన్యం ఆసామి బండి మాట్లాడేటప్పుడే, "మనుషుల్ని కూడా తెచ్చెయ్" అంటాడు. తాడూ పట్టా తెచ్చెయ్ అన్నట్టే.

"వదినేగా, వాళ్ళ ముఠా ఎంత బరువుంటారు, పిట్టలు," అనేవాడు మా ఆయన. అంత ప్రేమ. మా అక్క కూడా, "మరిది బండి కాబట్టి ధైర్యం" అనేది. నేను మాత్రం కిటికీలోంచి దిగండమ్మా అని అరుస్తూ ఉండేదాన్ని. సొంత అక్కను సైతం అలాగే దించి, అలాగే ఎక్కనిచ్చాను.

కిందటి డిసెంబరులో తుఫాను హెచ్చరిక వచ్చింది. మబ్బు పట్టగానే మా రోడ్డంతా తిరనాళ్ళలా అయిపోయింది. ఆరింది, ఆరనిది చూడకుండా ధాన్యం గోతాలకెత్తారు. మధ్యాహ్నం మూడు గంటలకు మా ఆయన బండి కాటా ఎక్కింది. ముప్ఫై బస్తాలు. పైన తొమ్మిది మంది, మధ్యలో మా అక్క. అలవాటు ప్రకారం దించాను. అంకెలు నాలుగు వేల మూడు వందల ఇరవై దగ్గర ఆగాయి.

"ఏమయ్యా, నాలుగు వేలు దాటిందయ్యా!" అన్నాను.

"తడి బరువు. తొందరగా కొట్టు, వాన వచ్చేట్టుంది."

బస్తాల లెక్క మా వాళ్ళ ప్రాణం తీస్తుంది. ఎండిన బస్తా, తడిసిన బస్తా రెండూ వాళ్ళకు బస్తాలే. ముప్ఫై అంటే ముప్ఫై. ఒక్కో బస్తాలో ఐదు కిలోల నీళ్ళు అదనంగా ఉన్నాయంటే, "నీళ్ళేగా" అంటారు. నీళ్ళకు బరువుండదా నాయనా! వెనక మూడు బండ్లు హారన్లు కొడుతున్నాయి. మీట నొక్కాను. స్లిప్పు ఇచ్చాను. మా అక్క వాళ్ళు మళ్ళీ ఎక్కారు.

మా నేల చదును కాబట్టి కాటా గదిలోంచి కాలవ వంతెన కనిపిస్తుంది. ఆ రోజు ఎందుకో చూస్తూనే ఉన్నాను. బండి వాలు ఎక్కింది. ఎదురుగా బస్సు వచ్చింది. దారి ఇవ్వడానికి మా ఆయన సగంలో ఆపాడు. ఆగింది. బస్సు వెళ్ళిపోయింది. ఇక బండి కదలాలి కదా, కదల్లేదు. ఇంజన్ అరుపు నాకు వినిపిస్తోంది. తర్వాత అది వెనక్కి రావడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, ఆ తర్వాత మెల్లగా కాదు. పైన కూచున్నవాళ్ళు అందరూ ఒక్కసారి చేతులెత్తడం చూశాను. వెనక చక్రం రోడ్డు అంచు దాటి పక్కనున్న పంట బోదెలోకి, ఆ చిన్న నీటి కాలవలోకి దిగబడింది, బండి పక్కకు ఒరిగింది, పై వరస బస్తాలు మనుషులతో సహా జారాయి.

నేను ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. చెప్పులు కాటా దగ్గరే ఉండిపోయాయి. వెళ్ళేసరికి అందరూ బోదె గట్టున కూచుని ఏడుస్తున్నారు. ఒకామె నుదురు చిట్లింది. మా అక్క మాత్రం ఏడవడం లేదు. బండి పక్కన నిలబడి ఉంది. ఆమె కుడి చెయ్యి ఇనప కమ్మీకీ బస్తాకూ మధ్య ఇరుక్కుని ఉంది. నలుగురు పట్టి బస్తా లేపితే చెయ్యి బయటికొచ్చింది. బొటనవేలు, మణికట్టు ఎలా ఉన్నాయో నేను రాయను.

మా ఆయన రోడ్డు మీద చతికిలబడి, "బ్రేకు తొక్కాను, తొక్కాను, ఆగలేదు" అని అదే మాట. ధాన్యం ఆసామి మోటారు సైకిల్ మీద వచ్చాడు. దిగీ దిగగానే అడిగింది ఏంటో తెలుసా? "ఎన్ని బస్తాలు నీళ్ళల్లో పడినయ్?" అని. అందరి ముందూ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ అచ్చు వేయరు.

తెనాలిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మణికట్టుకు కట్టు వేశారు. బొటనవేలు మునుపటిలా వంగదని చెప్పారు. దబ్బనం పట్టేది ఆ వేలితోనే. మా అక్క ఎడమ చేత్తో టీ తాగుతూ, "పోన్లే, ప్రాణాలు దక్కినయ్" అంది. నాకు ఆ పోన్లే మీద కూడా కోపం వచ్చింది. ఎవరికీ కోపం రాకపోతే నేనొక్కదాన్నే ఎందుకు మండాలి?

మా ఆయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పశ్చాత్తాపం అనుకున్నాను. నాలుగో రోజు బండి తీసుకుని తెనాలి వెళ్ళి వచ్చాడు. తోక ఇంకాస్త పైకి లేచింది.

"ఏం చేయించావు?"

"పట్టీలు మెత్తబడినయ్యంట. ఇంకోటి వేయించా."

నేను నవ్వాలో ఏడవాలో తెలియక చేతిలో ఉన్న చేట గోడకేసి కొట్టాను. ఆగలేదని ఏడ్చినవాడు వెళ్ళి ఇంకా ఎక్కువ ఎక్కించుకునే ఏర్పాటు చేసుకొచ్చాడు! దుర్మార్గుడైతే వదిలేసి పోదును. దుర్మార్గుడు కాదు. రోజూ సాయంత్రం వదిన కోసం కమలాపళ్ళు కొనుక్కెళ్ళేవాడు. మనిషి మంచితనానికీ బండి బ్రేకుకూ సంబంధం లేదు, అదే నా బాధ.

ఇంకో రెండు వారాలకు మబ్బు మళ్ళీ పట్టింది. సాయంత్రం నాలుగింటికి మా ఆయన బండి వచ్చింది. ముప్ఫై బస్తాలు. పైన తొమ్మిది మంది. మధ్యలో, చేతికి తెల్ల కట్టుతో, మా అక్క.

నా కళ్ళు నేనే నమ్మలేదు. గదిలోంచి బయటికొచ్చి అరిచాను. "అక్కా! నీకు బుద్ధుందా? మళ్ళీ ఎక్కావా?"

"ఎక్కక? ముఠా నాది. వాళ్ళని పంపి నేను ఇంట్లో కూచుంటే ఎట్టాగే? కుట్టలేను గానీ లెక్క చూసుకోలేనా?" అంది. తర్వాత మామూలుగా లేచి, దిగడానికి టైరు మీదికి కాలు చాపింది. మిగతావాళ్ళు కూడా లేచారు. నేను అడగకుండానే.

"ఎవరూ దిగొద్దు!" అన్నాను. "కూచున్నోళ్ళు కూచున్నట్టే ఉండండి."

"కాటా తప్పుద్దేమో కదమ్మా?" అంది ఒక పెద్దామె.

"తప్పనీ."

లోపలికెళ్ళి చూశాను. నాలుగు వేల ఏడు వందలు. స్లిప్పు కొట్టాను. అప్పుడు వాళ్ళను దించి మళ్ళీ చూశాను. నాలుగు వేల రెండు వందల ముప్ఫై. అదీ కొట్టాను. రెండు కాగితాలూ పట్టుకుని బయటికొచ్చి అందరి ముందూ చదివాను. "ఇదిగో మీ తొమ్మిది మంది బరువు, నాలుగొందల డెబ్బై కిలోలు. ఇన్నాళ్ళూ ఏ కాగితంలోనూ లేని బరువు."

ఆడవాళ్ళు నవ్వారు. "అందులో సగం దీనిదే," అని ఒకామె పక్కామె డొక్కలో పొడిచింది. "నీ నోటి బరువు కలిపారా?" అని రెండో ఆమె. మా ఆయన నవ్వలేదు. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు.

"ఎంతా! ఆరు బస్తాలేగా," అన్నాడు. "ఆ మాత్రానికి ఇంత గోలేంటి?"

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట ఎలా వినిపించిందో ఆయనకు అర్థం కాలేదు, పాపం. మా అక్క ఆయన వైపు చూసింది.

"అయితే ఆరు బస్తాలు దించు మరిదీ."

"ఊరుకో వదినా. మబ్బు చూశావుగా, కింద పెడితే తడిసిపోవూ? పరాయోళ్ళ సరుకు."

"మేం మీవాళ్ళమేగా. అందుకనా?"

మా ఆయన బస్తాలకు కట్టిన మోకు లాగి బిగించసాగాడు.

"ఆరు కాదు," అన్నాను నేను. "పదిహేడు దించాలి. మనుషులు అసలు పైన ఎక్కకూడదు, బుక్కులోనే ఉంది. అప్పటిదాకా స్లిప్పు లేదు. స్లిప్పు లేకుండా మిల్లుకు పో, ఎట్టా దించుకుంటారో చూస్తా." రెండు కాగితాలూ మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

"పిచ్చి పట్టిందా నీకు? కాటా ఓనరు నీ ఉద్యోగం కూడా తీసేస్తాడు."

"తియ్యనీ!"

ఆయన చేసేది లేక ధాన్యం ఆసామికి ఫోన్ చేశాడు. రోడ్డు మీద లారీల మోతకు వినపడక స్పీకరు పెట్టాడు. సంగతంతా విని అటు నుంచి ఆసామి, "భయపడే ఆడోళ్ళని బస్సుకు రమ్మనవయ్యా," అన్నాడు. "బస్తా మాత్రం ఒక్కటి దిగడానికి వీల్లేదు. చినుకు పడితే నువ్వే జవాబుదారీ." ఫోన్ పెట్టేశాడు.

మా ఆయన ఫోన్ వైపు చూశాడు. తర్వాత మా అక్క చేతి కట్టు వైపు చూశాడు. వెళ్ళి తొట్టి వెనక తలుపు గొళ్ళెం తీశాడు.

ఎదురు గోడౌన్ హమాలీలు ఇద్దరు సాయం వచ్చారు. పదిహేడు బస్తాలు కాటా గది వరండాలోకి చేరాయి. పట్టా సగం వాటికి కప్పాం. తూచాను, రెండు వేల తొమ్మిది వందల ఇరవై. బుక్కులో రాసిన దానికి ముప్ఫై కిలోలు తక్కువ. బండి తోక పైకి లేచి, ముందు చక్రాలు నేలను పట్టుకున్నాయి. మిగతా ఎనిమిది మంది రోడ్డు దాటి తెనాలి బస్సు కోసం నిలబడ్డారు. మా అక్కను ముందు సీట్లో కూచోమన్నాడు మా ఆయన. ఎప్పుడూ ఆసామి మనిషి కూచునే సీటు అది.

"కూచోవడానికి వీల్లేదు," అన్నాను. "మనిషి కూచుంటే ఆ మిగిలిన ముప్ఫై కిలోలు దాటుద్ది. ఇంకో బస్తా దించు."

ఇద్దరూ నా మొహం చూశారు. అక్క కోసం కూడా వదలదా ఇది అన్నట్టు. అక్క కోసమే కదా వదలనిది! మా ఆయనే పద్దెనిమిదో బస్తా దించాడు. మా అక్క ఎక్కి కూచుంది. తూచాను. రెండు వేల తొమ్మిది వందలు. మా అక్కతో కలిపి స్లిప్పు కొట్టడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆ ఆసామి మా అక్క ముఠాను పనికి పిలవలేదు. అడగ్గానే బస్తాల మీద ఎక్కే ముఠాలు అతనికి ఇంకో నాలుగున్నాయి. మా కాటాకు రోజూ వస్తూనే ఉంటాయి. నా కోపం ఏమీ తగ్గలేదు, అది కూడా చెప్పేస్తున్నాను.

కానీ ఆ సాయంత్రం బండి కదలబోతుండగా మళ్ళీ ఫోన్ మోగింది. ఎత్తి మళ్ళీ స్పీకరు పెట్టాడు మా ఆయన. "బయల్దేరావా? ముప్ఫై వస్తన్నాయా?" అని ఆసామి. ఫోన్ చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. పక్క సీట్లోంచి మా అక్క కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగింది.

"పన్నెండు వస్తన్నాయండి," అంది, ఎంతో మర్యాదగా. "మిగతావి భయపడినయ్యంట. బస్సుకొస్తాయిలెండి."